మోకరించిన తల్లిని దాటి వెళ్లకండి: కతోలిక గురువులకు బహిరంగ లేఖ

తిరుపతి

మా మేత్రాసన (డయోసిస్) పీఠాధిపతుల (బిషప్) వారికి, చిత్తూరు, తిరుపతి జిల్లాల విచారణ (పారిష్) గురువులకు, సాటి విశ్వాసులకు,

ప్రభువు పేర వందనాలు.

ఈ లేఖలోని విషయాన్ని ఇప్పటికే రెండు ఉత్తరాల్లో రాశాను. మొదటిది మా విచారణ గురువు చేతికే ఇచ్చాను. రెండవది మేత్రాసన కార్యాలయానికి రిజిస్టర్డు పోస్టులో పంపాను. అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. ఏడు నెలలు చూశాక ఇలా అందరి ముందు రాస్తున్నాను. మా విచారణ పేరు, గురువు పేరు ఇందులో ఉండవు. ఆయనను పదిమందిలో దోషిగా నిలబెట్టాలని నాకు లేదు. బదిలీ చేయమని కూడా అడగడం లేదు. ఆయన స్థానంలో వచ్చేవారు కూడా అదే మాట అంటే మా స్థితి మారదు. కాబట్టి మనిషి గురించి కాక ఆ మాట గురించి రాస్తున్నాను.

బలిపీఠం ముందు నిలబడి ఆయన అన్న మాట ఇది: "గురువు చెప్పింది వినడమే విశ్వాసం. మనస్సాక్షిని ఇంటి దగ్గర పెట్టి గుడికి రండి."

ఆ మాట ఎందుకు వచ్చిందో చెబుతాను.

ఈస్టరుకు ముందు వచ్చే తపఃకాలం (లెంట్) రెండవ ఆదివారం, ఉదయం ఆరున్నర పూజ. దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా మేము స్వీకరించే అప్పం, అందుకునే వరసలో నా ముందు ఒక పెద్దావిడ ఉంది. డెబ్బై దాటిన మనిషి. తెల్లవారకముందే మార్కెట్టులో పూలు కొని, మాలలు కట్టి, మూరల లెక్కన అమ్ముకుని బతుకుతుంది. తన వంతు రాగానే ఎప్పటిలాగే కొంగు తల మీదికి లాక్కుని, మోకాళ్లూని, నోరు తెరిచింది. "లేచి నిలబడమ్మా, చేతిలో తీసుకో" అన్నారు గురువు. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని "ఈ చేతులతో వద్దు స్వామీ" అంది. ఆయన మళ్లీ చెప్పారు. ఆమె కదలలేదు. ఆయన ఆమెను దాటి నా ముందుకు వచ్చి "క్రీస్తు శరీరం" అన్నారు.

నేను "ఆమెన్" అని చేయి చాపాను. కింద ఆమె అలాగే మోకాళ్ల మీద ఉంది. ఆమె తల మీదుగా నేను ప్రసాదం అందుకున్నాను. ఈ లేఖ రాయడానికి సగం కారణం ఆ ఆమెన్.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. నేను నిలబడి, చేతిలోనే తీసుకుంటాను. అందులో తప్పు లేదు, శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, అనుమతించిన పద్ధతే. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అందరూ చేతిలోనే తీసుకోవాలన్నారు. ప్రాణాపాయం ఉన్న రోజులవి, అందరం విన్నాం. ఆ పెద్దావిడ కూడా విన్నది. ఇంటికి వెళ్లి ఏడ్చేదానినని తరువాత ఎప్పుడో నాతో చెప్పింది కానీ, గురువు మాట మాత్రం మీరలేదు. ఆ ప్రమాదం తొలగి ఏళ్లు గడిచాయి. మా గుడిలో ఆ కట్టడి మాత్రం తొలగలేదు. కట్టడి శ్రీసభ నియమంగా చెలామణి అవుతోంది.

శ్రీసభ నియమం నిజానికి ఏమంటుంది? 2004 మార్చి 25న రోము, అంటే వాటికన్, వెలువరించిన దివ్యసత్ప్రసాద నియమావళి, 91వ పేరాలో, మోకరించి తీసుకుంటామన్నారనో నిలబడి తీసుకుంటామన్నారనో, కేవలం ఆ కారణంతో ఎవరికీ ప్రసాదం నిరాకరించకూడదని చెప్పింది. ఆ తరువాతి పేరా, నాలుక మీద స్వీకరించే హక్కు ప్రతి విశ్వాసికీ ఎల్లప్పుడూ ఉంటుందని చెప్పింది. 1983 నాటి శ్రీసభ చట్టం 843వ నిబంధన ప్రకారం, తగిన సమయంలో, తగిన సిద్ధపాటుతో, చట్టపరమైన నిషేధం లేకుండా వచ్చి అడిగిన వారికి జ్ఞానస్నానం, ప్రసాదం వంటి సంస్కారాలు నిరాకరించే అధికారం గురువుకు లేదు. ఎవరికి ప్రసాదం ఇవ్వకూడదో 915వ నిబంధనలో ఉంది. బహిష్కరణ వంటి శిక్ష పడినవారు, బహిరంగమైన ఘోరపాపంలో మొండిగా కొనసాగేవారు. పూలమ్ముకునే ఆ తల్లి వీరిలో ఎవరు?

ఇంకా వెనక్కి వెళితే, ప్రపంచ పీఠాధిపతులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన పూజావిధుల నిర్ణయం 22వ భాగంలో, గురువు అయినా సరే తన సొంత అధికారంతో పూజావిధిలో ఏదీ చేర్చకూడదు, తీసేయకూడదు, మార్చకూడదు అని రాశారు. అంటే విధేయత మాకే కాదు, గురువుకూ ఉంది. ఆ ఆదివారం శ్రీసభ మాట విన్నది మోకాళ్ల మీద ఉన్న మనిషి.

విధేయతను నేను తేలిక చేయడం లేదు. మా నాన్న ఉపదేశి. పలమనేరు వైపు పల్లెల్లో సైకిలు మీద తిరిగి జపాలు నేర్పేవారు. గురువు నెలకొకసారి వచ్చేవారు. వచ్చిన రోజు ఇంట్లో ఉన్న ఒక్క మంచం ఆయనకే. గురువు మాటకు మా నాన్న ఎదురు చెప్పడం నేను ఒక్కసారే చూశాను. ఒక పండుగకు, చందా ఇవ్వని కుటుంబాల పేర్లు పూజలో చదవమని ఆయన మా నాన్నకు కాగితం ఇచ్చారు. మా నాన్న ఆ కాగితం మడిచి తిరిగి ఇచ్చి, "ఇది నా నోట రాదు ఫాదర్ గారూ, క్షమించండి" అన్నారు. గురువు కాసేపు చూసి కాగితం జేబులో పెట్టుకున్నారు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ మా ఇంట్లోనే కూర్చుని భోజనం చేశారు. విధేయత, మనస్సాక్షి ఒకే చాప మీద కూర్చోవడం నేను కళ్లారా చూశాను కాబట్టే, వాటిలో ఒకదాన్ని ఇంటి దగ్గర వదిలి రమ్మంటే నాకు బాధ కలుగుతోంది.

ఈ నేలకు కూడా ఆ అనుభవం ఉంది. 18వ శతాబ్ది తొలి ఏళ్లలోనే ఫ్రెంచి యేసుసభ (జెసూట్) గురువులు పుంగనూరు వైపు వచ్చారు. 1773లో జగద్గురువులు (పోపు) యేసుసభనే రద్దు చేశాక ఈ ప్రాంతాలకు గురువులు కరువయ్యారు. చెప్పేవారు లేని రోజుల్లో జపమాల వదలని కుటుంబాలు ఎవరి ఆజ్ఞ మీద వదలలేదు?

శ్రీసభ చట్టం 212వ నిబంధన, కాపరులు విశ్వాస బోధకులుగా చెప్పేదానికి, శ్రీసభ పాలకులుగా నిర్ణయించేదానికి విశ్వాసులు విధేయులై ఉండాలంటుంది. ఆ వాక్యంలోనే "తమ బాధ్యత ఎరిగి" అన్న భావం కూడా ఉంది. అదే నిబంధన, శ్రీసభ మేలు కోరి తమ అభిప్రాయాన్ని కాపరులకు చెప్పడం విశ్వాసుల హక్కు, కొన్నిసార్లు కర్తవ్యం కూడా అంటుంది. గురుపట్టం రోజున పీఠాధిపతి చేతుల్లో చేతులు పెట్టి విధేయత మాట ఇచ్చేది గురువులు. జ్ఞానస్నానంలో మేము ఇచ్చిన మాట వేరు. సైతానును విడిచిపెడతామన్నాం, త్రిత్వైక దేవుణ్ణి విశ్వసిస్తామన్నాం.

"మీ పైవారి మాట వినండి" అనే హెబ్రీయుల లేఖలోని వాక్యాన్ని మా గురువు తరచూ చదువుతారు. చదవాల్సిందే. మొదటి జగద్గురువు పునీత పేతురు తన మొదటి లేఖ అయిదవ అధ్యాయంలో కాపరులకు రాసిన మాట కూడా దానితోపాటే చదవాలి. మందపై పెత్తనం చేయవద్దు, మందకు మాదిరిగా ఉండండి అన్నాడాయన.

"ఎవరి మనస్సాక్షి వారిదే అంటే గుడి నడుస్తుందా?" అని నన్ను అడిగినవారున్నారు. న్యాయమైన ప్రశ్న. మనస్సాక్షి అంటే ఇష్టాయిష్టాలు కావు. పూజ మధ్యలో లేచి నా సొంత ప్రార్థన చదువుతానంటే గురువు నన్ను ఆపాలి, నేను కూర్చోవాలి. పూజ వేళ మార్చడం, పాటల క్రమం, గుడిలో ఎవరు ఎటు కూర్చోవాలి, వీటిలో నాకు నచ్చనివి ఎన్నో ఉన్నాయి. వాటిలో గురువు మాటే వింటాను, వినాలి కూడా. మనస్సాక్షికి శిక్షణ కావాలని, అది పొరబడవచ్చని శ్రీసభ బోధనలన్నీ ఉన్న సత్యోపదేశ గ్రంథమే చెబుతుంది. అయినా 1790వ పేరాలో, నిశ్చయంగా తీర్పు చెప్పిన మనస్సాక్షికి మనిషి ఎల్లప్పుడూ లోబడాలని రాసింది. 1965 డిసెంబరు 7న వాటికన్ మహాసభ వెలువరించిన నిర్ణయాల్లో ఒకటి, మనస్సాక్షి మనిషిలోని అత్యంత రహస్యమైన గర్భగుడి అని, అక్కడ మనిషి దేవునితో ఒంటరిగా ఉంటాడని చెప్పింది. తిరుపతిలో ఉండే మనకు గర్భగుడి అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పక్కరలేదు. ఎంతటి వారైనా గడప దగ్గర ఆగవలసిన చోటు అది.

ఆస్ట్రియా దేశంలో ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్ అనే రైతు ఉండేవాడు. తన ఊరి గుడిలో పూజకు అన్నీ అమర్చే పని కూడా ఆయనదే. భార్య, ముగ్గురు చిన్న ఆడపిల్లలు ఇంట్లో ఉండేవారు. హిట్లర్ సైన్యంలో యుద్ధం చేయనన్నాడు. కుటుంబం కోసమైనా ఒప్పుకోమని గురువులు చెప్పారు, పీఠాధిపతి కూడా నచ్చజెప్పబోయారు. ఆయన పూజకు వెళ్లడం మానలేదు, వారిని దూషించలేదు, యుద్ధానికి మాత్రం ఒప్పుకోలేదు. 1943 ఆగస్టు 9న ఆయన తల నరికారు. 2007 అక్టోబరు 26న శ్రీసభ ఆయనను ధన్యుడిగా ప్రకటించింది. ఆ రైతు తన మనస్సాక్షిని ఇంటి దగ్గర పెట్టి ఉంటే ఈరోజు ఆయన పేరు మీద మనం ప్రార్థించేవాళ్లం కాదు.

ఇక ఆ ఒక్క మాట వల్ల మా మధ్య ఏం జరుగుతోందో రాస్తాను.

1. ఆ పెద్దావిడ మా గుడికి రావడం మానేసింది. కొన్ని ఆదివారాలు బస్సెక్కి వేరే ఊరి గుడికి వెళుతోంది. అక్కడి గురువు ఏమీ అనకుండా నాలుక మీద ప్రసాదం ఇస్తారు. ఆడవారికి బస్సు ఉచితమే కానీ, వెళ్లిన రోజు పూల బేరం పోతుంది. మోకాళ్ల నొప్పి ఎక్కువైన ఆదివారాల్లో ఇంట్లోనే జపమాల తిప్పుకుంటోంది. "నాలుగు తరాలుగా ఎవరు వంగమంటే వాళ్ల ముందు వంగాం. దేవుడి ముందు మాత్రం నాకై నేను వంగుతాను. అదీ వద్దంటే ఎలాగమ్మా?" అని అడిగింది. భూమి లేని, ఊరి చివర ఇళ్ల నుంచి వచ్చిన కుటుంబాలతో నిండిన గుళ్లు మనవి. ఒకరు వంచితే వంగడానికీ, తామే వంగడానికీ తేడా ఎంతో వారికి తెలిసినంతగా నాకూ తెలియదు, గురువులకూ తెలియదు.

2. మేస్త్రీ పని చేసే ఒక యువకుడు విచారణ సమావేశంలో గుడి మరమ్మతు నిధి లెక్క అడిగాడు. తరువాత అతని బిడ్డ జ్ఞానస్నానానికి వెళితే, ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. లెక్క అడగడం తప్పని, ఇకపై గురువు నిర్ణయాలను ప్రశ్నించనని అందులో ఉంది. "చేయని తప్పు చేశానని రాస్తే అబద్ధం కదా. నా బిడ్డ జ్ఞానస్నానం అబద్ధంతో మొదలుకావాలా?" అన్నాడతను. బిడ్డకు ఇప్పుడు తొమ్మిది నెలలు. పుట్టిన తొలి వారాల్లోనే జ్ఞానస్నానం ఇప్పించాలని చట్టం 867వ నిబంధన తల్లిదండ్రులను ఆదేశిస్తోంది. వర్షాకాలంలో ఒక రాత్రి ఆ బిడ్డకు జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చారు. ప్రాణాపాయంలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. చిన్నప్పుడు మా నాన్న నేర్పిన మాటలు గుర్తు చేసుకుంటూ, నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. తెల్లవారేసరికి జ్వరం దిగింది. ఆ రాత్రి బిడ్డ నాయనమ్మ పడిన భయానికి ఎవరు జవాబు చెబుతారు?

3. బడిలో సీటుకు సిఫారసు, పెళ్లికి విచారణ లేఖ, జ్ఞానస్నాన పత్రం, చివరికి సమాధి తోటలో ఆరడుగుల నేల, ఇవన్నీ ఒకే చేతిలో ఉన్నాయి. ఆ చేతిని కాదంటే ఏమవుతుందో పేదవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కాబట్టి తలలూపుతారు. గురువు దాన్ని విధేయత అనుకుంటున్నారు, అది భయం. డబ్బున్న కుటుంబం వేరే విచారణకు మారిపోతుంది, పిల్లలను వేరే బడిలో చేర్చుతుంది. కూలి చేసుకునేవారికి ఆ దారి లేదు. నాకు పింఛను వస్తుంది, పిల్లలు స్థిరపడ్డారు. ఈ లేఖ నేను రాయగలగడానికి కారణం అదే, నా ధైర్యం కాదు.

4. గురువు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వచ్చేవారు తగ్గారు. భయపడే మనిషి ముందు మనసు విప్పడం ఎవరికీ సాధ్యం కాదు. నచ్చిన గురువు దగ్గరికి వెళ్లే స్వేచ్ఛ 991వ నిబంధన ఇస్తోంది కానీ, ఆ సంగతి మా వాళ్లలో చాలామందికి తెలియదు.

5. ఇంటర్ చదివే ఒక అమ్మాయి నన్ను అడిగింది: "మనస్సాక్షి పరిశోధన చేసుకోమని పాపసంకీర్తనం ముందు చెబుతారు కదా టీచర్, మరి ఇంటి దగ్గర పెట్టి రమ్మన్నారేమిటి?" నేను చెప్పగలిగిన జవాబు లేదు.

మేము కోరుతున్నవి ఇవి.

1. మోకరించి గానీ నిలబడి గానీ, నాలుక మీద గానీ చేతిలో గానీ ప్రసాదం స్వీకరించడం విశ్వాసి ఇష్టమని, ఆ కారణంతో ఎవరికీ నిరాకరించకూడదని తెలుగులో ఒక ఆదేశం వెలువడాలి. అది ప్రతి గుడిలో ఆదివారం పూజలో చదవాలి, తలుపుకు అంటించాలి. మోకాళ్లూని లేవలేని వృద్ధుల కోసం బలిపీఠం ముందు పట్టుకోవడానికి ఒక చెక్క కమ్మీ పెడితే ఇంకా మంచిది.

2. ఆ మేస్త్రీ బిడ్డకు ఏ సంతకమూ లేకుండా వెంటనే జ్ఞానస్నానం ఇవ్వాలి. ఇకపై ఏ సంస్కారాన్నీ చందాకూ, క్షమాపణ పత్రానికీ ముడిపెట్టకూడదు. పేదరికం వల్ల ఎవరూ సంస్కారాలకు దూరం కాకూడదని 848వ నిబంధన చెబుతోంది.

3. ప్రతి విచారణలో ఆర్థిక మండలి ఉండాలని 537వ నిబంధన, విశ్వాసులు సమర్పించిన సొమ్ముకు విశ్వాసులకు లెక్క చెప్పాలని 1287వ నిబంధన అంటున్నాయి. ఏడాదికొకసారి లెక్కలు గుడిలో చదవండి. అప్పుడు అడిగేవారూ ఉండరు, అడిగారని కోపమూ ఉండదు.

4. మేత్రాసనానికి వచ్చే ప్రతి ఫిర్యాదుకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. "మీరు చెప్పింది సరికాదు" అని రాసినా పరవాలేదు. విచారించే బృందంలో స్త్రీలు, కూలి కుటుంబాల వారు ఉండాలి. ఫిర్యాదు ఎవరి మీద ఉందో ఆ గురువు ఎంపిక చేసినవారు ఉండకూడదు.

5. సత్యోపదేశ తరగతుల్లో మనస్సాక్షి గురించిన 1776 నుంచి 1802 వరకు ఉన్న పేరాలను పిల్లలకు తెలుగులో బోధించాలి. విధేయత గురించి కూడా అదే తరగతిలో, అదే శ్రద్ధతో చెప్పాలి.

సాటి విశ్వాసులకు ఒక మనవి. ఈ లేఖ చదివి పూజలో లేచి అరవకండి. గురువును ఫోనులో వీడియో తీసి పంచకండి. జబ్బు పడిన ఇంటికి అర్ధరాత్రి స్కూటరు మీద వచ్చి, రోగికి పవిత్ర తైలం పూసి ప్రార్థించే అభ్యంగనం ఇచ్చిన మనిషి ఆయన. మా వీధిలో ముగ్గురికి అలా ఇచ్చారు, అది నేను మరిచిపోలేదు. మీకు జరిగినది ఉంటే తేదీతో సహా రాసి, సంతకం పెట్టి పంపండి.

క్రిస్మసుకు ముందు రాబోయే ఆగమన కాలం మొదటి ఆదివారం వరకు జవాబు కోసం చూస్తాం. పూజావిధుల ఉల్లంఘనపై పీఠాధిపతికి, అవసరమైతే నేరుగా రోముకు విన్నవించే హక్కు 2004 నాటి ఆ నియమావళే, 184వ పేరాలో, ప్రతి కతోలికుడికీ ఇచ్చింది. జవాబు రాకపోతే ఇదే లేఖను, ఇప్పటికి సంతకం చేసిన 43 మంది పేర్లతో, అక్కడికి పంపుతాం.

ఈలోగా వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నర పూజకు ఆ పెద్దావిడను ఆటోలో నేను తీసుకువస్తున్నాను. వరసలో ఆమె నా ముందు ఉంటుంది. ఆమె మోకరిస్తుంది. ఆమెకు ఇచ్చేవరకు నేను చేయి చాపను.

ఇట్లు,
మీ విచారణ విశ్వాసి, ఒక ఉపదేశి కుమార్తె, విశ్రాంత ఉపాధ్యాయిని